పలకని అక్షరాలతో నా ఉద్యోగం

ఏలూరులో ఫ్రెంచి ఎవరు చదువుతారండీ అని పెళ్ళిళ్ళలోనూ రైళ్ళలోనూ నన్ను చాలామంది అడిగారు. భీమడోలు నుంచి రోజూ పాసింజరెక్కి కాలేజీకి వెళ్ళిన మనిషిని కాబట్టి రైల్లో అడిగినవాళ్ళే ఎక్కువ. నా జవాబు ఎప్పుడూ ఒకటే. ఇంటర్మీడియట్‌లో తెలుగు తీసుకుంటే మార్కులు తగ్గుతాయేమోనని బెంగపడే పిల్లలందరూ చదువుతారు. వాళ్ళకి ఫ్రాన్సు మీద ప్రత్యేకమైన ప్రేమేమీ లేదు. ఆ దేశం కూడా వాళ్ళ కోసం ఎదురుచూడట్లేదు. అయినా నేను ఆ పిల్లల వల్లే బతికాను. వాళ్ళని తక్కువ చేసి ఎవరైనా మాట్లాడితే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

రిటైరయ్యాక, కొత్తగా ఈ పనిలో చేరుతున్నవాళ్ళు ఫోను చేసి సలహా అడుగుతున్నారు. సిలబస్సు, ఇంక్రిమెంట్లు, సెలవుల సంగతి మీ ఆఫీసులో చెబుతారు. నేను చెప్పదగినది ఫ్రెంచి క్రియని పిల్లల చేత ఎలా పలికించాలన్నదే. నామవాచకం కాస్త అటూ ఇటూగా పలికినా ఎదుటివాళ్ళు సర్దుకుంటారు. క్రియ తప్పితే ఎవరు చేశారో, ఇప్పటికే చేసేశారో ఇకముందు చేస్తారో తెలియక అయోమయంలో పడతారు.

యానాం మాస్టారు, ఏలూరు కరస్పాండెంటుగారు

నా మొదటి ఉద్యోగం తాడేపల్లిగూడెంలో. అక్కడ నాకు పైన ఉన్న సీనియర్ లెక్చరర్ యానాం మనిషి. తాతల నాటి నుంచి ఇంట్లో ఫ్రెంచి వినపడిన కుటుంబం. నేనేమో పుస్తకాలు చదివి డిగ్రీ తెచ్చుకున్నదాన్ని. చేరిన రోజే ఆయన నన్ను గోడవైపు తిరిగి కూర్చోమన్నారు. పుస్తకం చూడకుండా వినాలి. ఆయన ఒక్కో క్రియ పలుకుతుంటే అది ఎన్ని ముక్కలుగా వినపడిందో వేళ్ళతో చూపించాలి. 'అతను తింటాడు' అంటే ఇల్ మాఁజ్. 'వాళ్ళు తింటారు' అన్నా ఇల్ మాఁజే. రాతలో రెండోదాని చివర ఎన్, టీ అని రెండు అక్షరాలు అదనంగా వేలాడుతుంటాయి. నోటికి వాటితో పని లేదు. వర్తమాన కాలంలో సగం క్రియారూపాలు ఇంతే, కంటికి వేరు, చెవికి ఒకటి. అది ఆ గోడ దగ్గర కూర్చుంటేగానీ నాకు ఒంటబట్టలేదు.

అంత విద్య ఉన్న మనిషి, పిల్లల దగ్గర మాత్రం నోటి దురుసు. ఎవరైనా ఆ వేలాడే అక్షరాలు కూడా కలిపి 'మాంజెంట్' అన్నారో, పగలబడి నవ్వేవారు. ఆయన నవ్వితే క్లాసంతా నవ్వేది. నవ్వులపాలైన పిల్లాడు ఆ ఏడాది పూర్తయ్యేదాకా మళ్ళీ నోరు తెరిచేవాడు కాదు. జిల్లాలోకెల్లా మంచి ఉచ్చారణ ఆ ఒక్క గదిలో ఉండేది, ఆయన ఒక్కరి నోట్లో.

తర్వాత ఏలూరులో ప్రైవేటు కాలేజీకి మారాను. అక్కడి కరస్పాండెంటుగారు జంగారెడ్డిగూడెంలో పొగాకు వ్యాపారం చేసి, ఆ డబ్బుతో కాలేజీ పెట్టినాయన. ఫ్రెంచిలో ఒక్క ముక్క రాదు. కానీ మార్కులు ఎక్కడ రాలిపోతాయో ఆయనకి తెలిసినట్టు మాకెవరికీ తెలీదు. పిల్లలు వినపడని అక్షరాలు రాయడం మరిచిపోతున్నారని ఒక పద్ధతి పెట్టారు. క్రియల పట్టికని ఎక్కం చదివినట్టు అందరూ కలిసి చదవాలి, ఉన్న ప్రతి అక్షరాన్నీ గట్టిగా పలకాలి. మాట్లాడటం అనే క్రియైతే పార్-లెస్, పార్-లోన్స్, పార్-లెంట్ అని. వరండాలోకి వినపడాలి. భాష ఇలా పలకరండీ అని నేను మొరపెట్టుకున్నాను.

"మేడం, పరీక్షకి నోటితో పని లేదండీ. చెయ్యి ఒక్కటే రాస్తది," అన్నారాయన.

ఆయన్ని ఎగతాళి చేయడం సులువు. నేనూ స్టాఫ్‌రూములో చేశాను. కానీ ఒకటి చెప్పాలి. ఆ కాలేజీలో ఏ లెక్చరరైనా పిల్లల్ని నలుగురిలో నవ్వులపాలు చేశాడని తెలిస్తే ఆయన గదికి పిలిపించి తలుపేసి గడ్డి పెట్టేవారు. అందుకే ఆ పిల్లలు తప్పు పలికినా గొంతెత్తి పలికేవారు. యానాం మాస్టారి పిల్లలకి చెవి ఉండేది, గొంతు ఉండేది కాదు. వీళ్ళకి గొంతు ఉండేది, చెవి ఉండేది కాదు. మీకు ఏ పైవాడు దొరికినా సగమే మంచివాడు దొరుకుతాడు. ఆ సగం తీసుకోండి.

అరసున్నకి ఉద్యోగం

నేను చేసిన సర్దుబాటు ఏమిటంటే, పీరియడ్‌లో ఎక్కువ భాగం కరస్పాండెంటుగారి పద్ధతి. చివరి పది నిమిషాలు తలుపేసి నా పద్ధతి. మొదటిది రాత నోరు, రెండోది మాట నోరు అని పిల్లలకి చెప్పేదాన్ని. రెండూ మనవే, ఎక్కడ ఏది తెరవాలో తెలియాలి.

మాట నోటి పాఠంలో తెలుగు లిపి వాడాను. ఫ్రెంచి మాట మీద తెలుగక్షరాలు రాసుకోవడం నామోషీ అని మన వృత్తిలో ఒక పిచ్చి పట్టింపు ఉంది. అది పట్టించుకోకండి. ఇంగ్లీషు కళ్ళతో చూస్తే 'మేం ముగిస్తాం' అనే మాటని పిల్లలు 'ఫినిస్-సన్స్' అని విరుస్తారు. తెలుగులో రాయమంటే ఫి-ని-సోఁ అని చక్కగా వస్తుంది. మన అక్షరంలో హల్లు తర్వాతి అచ్చుతో కలిసే ఉంటుంది. ఫ్రెంచివాళ్ళ నోటికీ అదే ఇష్టం. రెండు హల్లులు కలిసొస్తే చాలాసార్లు ఒకటి వెనక్కి, ఒకటి ముందుకి పోతుంది, పార్-లోఁ అన్నట్టు. పదో తరగతిలో గణవిభజన చేసినవాళ్ళకి ఇది చిటికెలో పని. తెలుగు తప్పించుకుందామని ఫ్రెంచి తీసుకున్న పిల్లల చేత మళ్ళీ గురులఘువులు గుర్తింపజేస్తుంటే వాళ్ళ మొహాలు చూడాలి.

ముక్కులోకి సగమే వెళ్ళి ఆగే శబ్దానికి నాకు అరసున్న దొరికింది. ఎవరూ వాడని ఆ అక్షరానికి ముసలితనంలో మా క్లాసులో ఉద్యోగం ఇప్పించాను. ఇక మాటల్ని కలపడానికి మన 'అండీ' చాలు. 'ఎవరు', 'అండీ' అని విడదీసి మనం అనం, ఎవరండీ అంటాం. ఫ్రెంచిలోనూ అంతే. 'వాళ్ళు వస్తారు' అనేటప్పుడు అప్పటిదాకా నిద్రపోతున్న ఎస్ లేచి జ అయి తర్వాతి అచ్చుని పట్టుకుంటుంది, ఇల్-జా-రీవ్. 'అండీ' దగ్గర మనం గొంతుని కాస్త సాగదీస్తాం కదా, వాళ్ళూ మాటల గుంపు చివరే సాగదీస్తారు. అది ఊహించుకుని పలకమనేదాన్ని. కొందరు ఊహించుకోవడం మానేసి నిజంగానే అనేసేవారు. 'ఉయ్ అండీ', అంటే ఔనండీ, అని జవాబు చెప్పిన పిల్లల్ని నేనెప్పుడూ దిద్దలేదు. అలా చెప్పేవాళ్ళ లయ బాగుండేది.

రజియా

రిటైరైన తర్వాత ఒకరోజు రజియా ఫోను చేసింది. ఏలూరు అమ్మాయి. వాళ్ళ నాన్న తివాచీలు నేసేవారు. ఇంటర్‌లో క్రియల ఎక్కం చదివించే పిల్ల తనే, గొంతు మెయిన్ రోడ్డుదాకా వినపడేది. ఫ్రెంచిలో కాలేజీ ఫస్టు. దురదృష్టం ఏమిటంటే వాళ్ళ బ్యాచికి ఆ చివరి పది నిమిషాలూ స్లిప్ టెస్టులకి పోయాయి. రాత నోరు తప్ప రెండోది తనకి అమరలేదు.

కలిదిండిలో రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్షించే ల్యాబులో పనిచేస్తోంది. మేత కంపెనీలు అదే పరీక్ష ఊరికే చేసిపెట్టడం మొదలుపెట్టాక ల్యాబు మూసేస్తామని ఓనరు చెప్పేశాడు. ఇంతలో మడగాస్కర్‌లో రొయ్యల ఫారంలో పనిచేస్తున్న తెలిసిన టెక్నీషియన్ ఒకతను, అక్కడ ల్యాబుకి మనిషి కావాలని చెప్పాడు. ఆమెని తీసుకుంటే, చెరువు నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్లు బాగుచేసే ఆమె భర్త కరీంని కూడా తీసుకుంటారట. అక్కడ పనంతా ఫ్రెంచిలో. మార్కులు చూసుకుని, భాష వచ్చని అప్లికేషన్‌లో పెట్టేసింది. వచ్చే నెలలో వీడియో ఇంటర్వ్యూ.

"అబద్ధం రాయలేదండీ మేడం. మార్కులు నిజమే కదండీ. నోరు తెరిస్తే ఒక్క ముక్క రావట్లేదండీ," అంది.

ఇంట్లో రెండు జీతాలూ ఆ పిల్ల నోటి మీద ఆధారపడ్డాయి. ఆదివారం రమ్మన్నాను.

కరీం మోటార్‌సైకిల్ మీద తీసుకొచ్చాడు. నేను సులువైన ప్రశ్న ఒకటి అడిగాను. రజియా పెదాలు కదులుతున్నాయి, మాట లేదు. 'మేము' రూపం కావాలంటే ఎక్కం మొదటి నుంచి లోపల చదువుకుంటూ అక్కడిదాకా రావాలి. వచ్చాక పార్-లోన్స్ అని అక్షరాలన్నీ పలికింది. నేను దిద్దాను. మళ్ళీ చెప్పింది, మళ్ళీ దిద్దాను. మొదటి ఆదివారం తప్పులతోనైనా మాట్లాడింది. రెండో ఆదివారానికి తప్పులు తగ్గాయి, మాటలు కూడా తగ్గాయి. నేను కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్తుంటే కరీం వెనకే వచ్చి మెల్లగా చెప్పాడు.

"ఏవండీ మేడం, ఇంట్లో తెలుగు కూడా మాట్లాడట్లేదండీ. అనేముందు ప్రతి మాటా ఆలోచిస్తోందండీ."

ఆ మాటకి నాకు భయం వేసింది. నోరు విప్పిస్తానని పిలిచి ఉన్న నోరు మూయిస్తున్నాను. ఇద్దరం ఇలా ఎదురెదురుగా కూర్చుంటే లాభం లేదనిపించింది. ఈ పిల్ల భయం లేకుండా ఎక్కడ మాట్లాడుతుందో ముందు అది చూడాలనుకున్నాను.

కలిదిండి ల్యాబు

మర్నాడే ఏలూరు వెళ్ళి, కొల్లేరు మీదుగా కైకలూరు బస్సెక్కి, అక్కడి నుంచి కలిదిండి చేరాను. ల్యాబంటే రోడ్డువారన ఒక షట్టరు గది. బయట రైతులు చెరువు నీళ్ళ సీసాలు పట్టుకుని నిలబడ్డారు. లోపల బల్ల వెనక ఉన్నది మా ఇంట్లో పెదాలు కదిపిన మనిషి కాదు. సీసా అందుకుంటూనే మేత తింటున్నాయా, ఎన్నాళ్ళ నుంచి, నీళ్ళెప్పుడు మార్చారు అని ఒక్క ఊపిరిలో అడుగుతోంది. మాటకీ మాటకీ మధ్య ఎక్కడా ఖాళీ లేదు. జవాబు సగంలో ఉండగానే ఇంకో ప్రశ్న తయారు.

ఒక రైతు దగ్గర ఖాళీ సీసా అడిగి పుచ్చుకుని నేనూ వరసలో నిలబడ్డాను. నా వంతు వచ్చాక సీసా బల్ల మీద పెట్టి, మా రొయ్యలు మేత తినడం లేదని ఫ్రెంచిలో చెప్పాను. మే క్రెవెత్ న మాఁజ్ పా.

రజియా నన్ను చూడలేదు, సీసాని చూసింది. దప్వీ కాఁ అంది. అంటే ఎప్పటి నుంచి అని. ఎక్కం లేదు, వెతుకులాట లేదు. నిన్నటి నుంచి అన్నాను. చచ్చిపోతున్నాయా అని అడిగింది, ఎల్ మర్ అని, తోక అక్షరాలు ముట్టుకోకుండా. అప్పుడు తలెత్తి నన్ను చూసి నోరు చేత్తో మూసుకుంది.

నా వెనక నిలబడ్డ రాజుగారు ఒకాయన, పెద్ద వయసు, నన్ను ఎగాదిగా చూసి, ఆవిడ చెరువు ఏ రాష్ట్రంలోదమ్మా అని రజియాని అడిగారు. సంగతి విన్నాక సీసా ముందుకి జరిపారు.

"అయితే మా రొయ్యల సంగతి కూడా ఆ భాషలోనే అడగమ్మా. నీకు ఉద్యోగమొస్తే మాకు సంతోషమేగా. మళ్ళీ తెలుగులో చెబుదువు గాని."

ఆరోజు నుంచి కలిదిండి రైతులందరూ తమ చెరువుల గురించి ముందు ఫ్రెంచిలో, తర్వాత తెలుగులో విన్నారు. నేను వీలైనప్పుడల్లా వెళ్ళి మూల స్టూలు మీద కూర్చునేదాన్ని. మధ్యలో దిద్దడం మానేశాను. జనం పలచబడ్డాక ఆ రోజు దొర్లిన తప్పుల్లో ఒక్కటే తీసుకుని, చప్పట్లతో అక్షరాలు విడగొట్టి మళ్ళీ కలిపేవాళ్ళం. తినడం, చావడం, పెరగడం, పొట్టు విడవడం. రొయ్య బతుకులో ఎన్ని క్రియలున్నాయో అన్నీ వచ్చేశాయి. రాజుగారైతే మా కంటే ముందు తయారై, ప్రతి ప్రశ్నకీ ఉయ్ అండీ అనేవారు.

అదే ఇంకో చిక్కుని బయటపెట్టింది. ఒకరోజు నేను ఫారం మేనేజరులా కూర్చుని రజియాని ప్రశ్నలడిగాను. సముద్రం మీద పనిచేశావా అంటే ఉయ్ అంది. వైరస్ జబ్బులు కనిపెట్టే పీసీఆర్ మిషను నడిపావా అన్నా ఉయ్. ఆ మిషను ఎక్కడ నడిపావమ్మా అని తెలుగులో అడిగితే, చూశానండీ, ముట్టుకోలేదండీ అంది. మరి ఔనన్నావేమంటే, పెద్దవాళ్ళు అడిగినప్పుడు మొహాన లేదనడం బాగోదు కదండీ అంది. మన వైపు పిల్లలు ఇంతే. అలాగేనండీ అని తలూపి ఇంటికెళ్ళి ఏడుస్తారు. ఇది ఏ ఉచ్చారణ పుస్తకంలోనూ ఉండదు, మీరే పసిగట్టాలి. ఆ వారమంతా నేను వేరే పాఠం చెప్పలేదు. నో, జ న సే పా. లేదు, నాకు తెలీదు. అయిదే అక్షరాలు, అయినా ఆ పిల్ల నోట్లోంచి రావడానికి మిగతా క్రియలన్నిటికంటే ఎక్కువ సమయం పట్టింది.

ఇంటర్వ్యూ

ఇంటర్వ్యూ మా ఇంట్లోనే ఇస్తానంది. నేను కంప్యూటరుకి పక్కగా, కెమెరాకి కనపడకుండా కూర్చున్నాను. పలకకూడని అక్షరం పలికితే నేను వేలెత్తుతానని, చూసి సర్దుకోవాలని అనుకున్నాం. కరీం ఇస్త్రీ చొక్కా టక్ చేసుకుని వరండాలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. అతన్నెవరూ చూడరని తెలిసినా.

తెర మీదకి వచ్చిన మేనేజరు ఆ దేశపు మనిషే, నడివయసు ఆవిడ. నెమ్మదిగానే మాట్లాడారు. రజియా పేరు, పని, చెరువుల సంగతి బాగానే చెప్పింది. రొయ్యలు మేత తినకపోతే ముందుగా ఏం చూస్తావని ఆవిడ అడిగారు. చెప్పే తొందరలో రజియా ఎన్నో ఏళ్ళు వల్లించిన ఎక్కంలోకి జారి 'మాంజెంట్' అనేసింది. నా వేలు లేచింది. రజియా నా వైపు చూడలేదు. ఆవిడకి అర్థమయింది, తలూపి తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోయారు. లేచిన వేలుని ఏం చేయాలో తెలియక కొంగు సర్దుకున్నాను.

అప్పుడు పీసీఆర్ మిషను సంగతి వచ్చింది. నడపగలవా అని అడిగారు. ఉయ్ అంటుందేమోనని భయపడ్డాను. రెండు జీతాలూ ఆ ఒక్క మాట మీద ఉన్నాయని తనకీ తెలుసు, నాకూ తెలుసు. అటువైపు ఆవిడ ఎదురుచూస్తున్నారు.

"నో," అంది రజియా. "జ న సే పా." కాస్త ఆగి, "జాప్రాఁద్రే," అంది. తెలీదు, నేర్చుకుంటాను అని.

ఆవిడ కుర్చీ ముందుకి జరుపుకుని మాట్లాడారు. ఇంతకుముందున్న మనిషి తెలుసని చెప్పి చేరాడట, అతను తప్పు చెప్పడం వల్ల చెరువులు పోయాయట. మిషను మేం నేర్పుతాం అన్నారు. ఆ తర్వాత అన్నది నేను మరిచిపోను. ఇది మా ఇంటి భాష కూడా కాదమ్మా, నేనూ బళ్ళోనే నేర్చుకున్నాను, మాట్లాడాలంటే వణికిపోయేదాన్ని, అన్నారు.

రజియా గట్టిగా నవ్వేసింది. ఆ తర్వాత ఇద్దరూ ఏవో చెరువుల కబుర్లలో పడిపోయారు. తప్పులు దొర్లుతూనే ఉన్నాయి. నేను లేచి వరండాలోకి వెళ్ళాను. కరీం ఏమైందండీ అని అడిగాడు. మాట్లాడుతోంది బాబూ అన్నాను. కళ్ళు తుడుచుకున్నాను.

కొన్నాళ్ళకి రజియా ఫోను చేసి రమ్మన్నారండీ, ఇద్దర్నీ అంది. నాకు కాళ్ళు నేలమీద నిలవలేదు. వెంటనే పథకాలు వేశాను. వీసా వచ్చేదాకా టైముంది, భూతకాలాలు సరిగా రాలేదు, షరతుల వాక్యాలు అసలు ముట్టుకోలేదు, ప్రతి ఆదివారం వచ్చేయ్, అన్నీ పూర్తి చేసి పంపిస్తాను అన్నాను.



"వద్దండీ మేడం," అంది. "మిగతాది అక్కడివాళ్ళ దగ్గర నేర్చుకుంటానండీ."

పాఠం చెప్పినదాన్ని, తల్లి వయసుదాన్ని, నాకే వద్దని చెప్పింది. నాకెంత సంతోషం వేసిందో ఇప్పుడు చెబితే మీకు తెలీదు. మీ పిల్లల్లో ఒకరు మీకూ అలా చెప్పిన రోజున నాకు ఫోను చేయండి.